టోనిని ఎల్లగొడ్తెనే నీళ్ళన్నరు

"రూతవ్వా, మీ ఇంట్ల నైజీరియా ఆయన కిరాయికి ఉండెనంట గదా. మా నాయినమ్మ చెప్పింది. ఏమైంది అసలు?"

ఏమైందా? కూసో చెప్త. ఆ ఫోను గట్ల నా మూతి కాడ పెట్టకు, జర దూరం జరుపు. రికార్డయితదా? కానీ. ఎవలిన్నా నాకేం భయం లేదు. ఉన్న ముచ్చటనే చెప్తున్న.

ఆ పిలగాని పేరు టోన్యే. మాకు నోరు తిరగక టోని, టోని అని పిలిచేటోళ్ళం. ఒక ఆదివారం మా చర్చికొచ్చిండు. ఎనక బెంచీల కూసున్నడు. ఆ బెంచీల ఇంకెవ్వలు కూసోలే, అందరు ముంగటికి జరిగిన్రు. మన పాట రాదు వానికి, అయినా గొంతు కలిపిండు బిడ్డా, ఏం గొంతు అది, రేకులు అదిరినయ్. ప్రార్థన అయినంక పాస్టరు గారు అడిగిండు, ఈ బాబు రాజేంద్రనగర్ దిక్కు కాలేజీల చదువుతుండు, రూము దొరుకుతలేదు, ఎవలన్న ఇస్తరా అని. ఇగ సూడు, అందరు చెప్పులు ఎతుక్కునుడు మీద పడ్డరు. అప్పుడే వాక్యం విని లేచినోళ్ళు! నాకు కడుపు మండింది. మా మీది రూము ఖాళీగనే ఉన్నది, నేనిస్త అన్న.

ఇంటికొచ్చినంక మా కొడుకు డేవిడ్ లొల్లి పెట్టిండు. తెలుసు గదా, వాడు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతడు. "అమ్మా, వాళ్ళ గురించి పేపర్ల ఏమేమో వస్తది, మనకెందుకు పరేషాన్" అన్నడు. "పేపర్ల మన బస్తీ గురించి గూడ ఏమేమో వస్తది, నిన్ను ఎవలన్న ఇంట్లకు రానిస్తలేరా?" అన్న. గొనుక్కుంటనే పోయి మీది రూము తాళం తీసిండు.

మంచి పిలగాడు బిడ్డా. ఏంది, దేవుడు అంటలే. బాత్‌రూముల నీళ్ళు మస్తు పారబోసేటోడు మొదట్ల, నేను తిట్టిన. తెలుగు నేర్సుకున్నడు, అదీ మన తెలుగే. "ఏం కూర అమ్మా?" అని మెట్ల మీదికెల్లి దిగుకుంట అడిగేటోడు. మన పచ్చిపులుసు అంటె పానం వానికి. ఆదివారం నాడు వాని దోస్తులిద్దరు వచ్చేది. ఒకడు ఫెమి, లాగోస్ అని వాళ్ళ పెద్ద పట్నమంట, ఆడికెల్లి వచ్చినోడు. ఇంకొకడు మూసా, మీద ఉత్తరం దిక్కోడు, తురకోల్ల పిలగాడు. ముగ్గురు గల్సి టమాటలు, మిరపకాయలు నూరి ఎర్రగ అన్నం వండేటోళ్ళు. మాకు గూడ ఒక గిన్నె పెట్టేది. కారం... మనకంటె ఎక్కువ తింటరు, నమ్మవు నువ్వు.

తినుకుంట ఇగ మొదలు లొల్లి! వాళ్ళ దేశం పంచాయితి. మా కోడలు సునీతకు ఇంగ్లీషొస్తది గదా, ఆమె నాకు చెప్పేది. ఫెమి అంటడు, దేశానికి ట్యాక్సులన్ని మా లాగోసే కడ్తది, మీరంత మా మీద బతుకుతున్నరు అని. మూసాకు కోపమొస్తది. మా ఉల్లిగడ్డలు, మా గొడ్లు లారీలెక్కి రాకపోతె మీ పట్నం ఏం తింటది, ఇప్పుడు మావోళ్ళు తుపాకులోళ్ళ భయానికి చేన్లకే పోతలేరు, మీకెవలికన్న పట్టిందా అని గల్లా పట్టుకునేటట్టు మీదికొస్తడు. టోని అప్పటిదాంక గిన్నెలల్ల అన్నం పెడ్తుంటడు. అప్పుడంటడు, మీ ఇద్దరు తినేది మా నూనె అని. వాళ్ళూరు సముద్రం పక్కన కాలువల నడుమ ఉన్నదంట. భూమిల పెట్రోలు నూనె. పైపులు వాళ్ళ ఇంటి ముంగటికెల్లే పోతయ్. గ్యాసు మంట రాత్రి పగలు ఆరకుంట మండుతదంట, గాని ఇంట్ల కరెంటు లేదు. చేపలు సచ్చిపోయినయ్, వాళ్ళ నాయిన వల మూలకేసిండు. పెట్రోలు పుట్టే దేశంల బంకు కాడ లైను, దాని ధర పెరిగితె దాని ఎనక రొట్టె ధర, బస్సు ధర. జనరేటరుల పోసుకుందామంటె పైసల్లేవు. "గెల్సినోడు వాని ఊరికి రోడ్డేసుకుంటడు అమ్మా, ఓడినోడు నోరు మూసుకుంటడు" అనేటోడు.

నేను నవ్విన. ఇగ మన కథనే గదరా ఇది అన్న. మనం గూడ మా నీళ్ళు, మా నౌకర్లు, మీరు మమ్ముల దోసుకుంటున్నరు అని ఎన్నేండ్లు కొట్టుకున్నం... ఆగు, విమానం పోనీ. ఏం ఇనబడదు. ఆఁ.

ఆ, అగో గా విమానం దిగేకాడ, గాడనే మా మామ చెలక ఉండె. జొన్న ఏసేది, బాయి కాడ వంకాయ, టమాట. నేను పెండ్లయి వచ్చినప్పుడు టమాట గంపకు గంప అగ్గువకు పోయేది శంషాబాద్ సంతల, గంప మోసిన కిరాయి గూడ ఎల్లకపోయేది ఒక్కోసారి. అయినా మాది అనేది ఒకటుండె. ఎయిర్‌పోర్టుకు భూములు తీసుకునే ముచ్చట వచ్చినప్పుడు మా లీడరు... పేరు చెప్ప, చెప్తె వాని ఇజ్జత్ పెరుగుతది. అప్పుడు వానికి ఇంక మీసం సరిగ రాలే. స్కూటరు మీద ఇంటింటికి తిరిగిండు. "పెద్దమ్మా, ఇంటికో నౌకరి నేనిప్పిస్త, అద్దాల బిల్డింగుల మీ డేవిడ్ కూసుంటడు" అన్నడు. వాడిప్పించింది ఒక్కటి లేదు. మా డేవిడ్ వాని కష్టం మీద వాడు డ్రైవింగు నేర్సుకున్నడు. మా చెలక మీదికి పోవుడు, వచ్చుడే వాని నౌకరి ఇప్పుడు, సవారీలను ఎక్కించుకొని. గాడ బాయి ఉండె అని గూడ చెప్పడు ఎవ్వలికి. చెప్తె ఎవలింటరు?

ఇగ మన గల్లీ సంగతి. నీకు యాదికుండదు, చిన్నదానివి. అప్పుడు మన గల్లీకి నల్లా లేదు. పెద్ద రోడ్డు నడుమ గడ్డికి పొద్దుగాల నీళ్ళు కొట్టేది, మన బిందెలు ఎండేది. ట్యాంకరే దిక్కు. ఆ ట్యాంకరు లీడరు చేతుల ఉండె. ఏ గల్లీకి ముందు, ఏ ఇంటికి ఎనక, అంత వాడు చెప్పినట్టే.

ఆ ఎండకాలం బోర్లున్న రెండు మూడు ఇండ్లల్ల మోటర్లు పోయినయ్. బోరు మోటర్లు, ఎవడో ఎత్కపోయిండు. ఇగ బస్తీ మీటింగ్ పెట్టిన్రు. నేను పోయిన. ఎవడు తీసిండు, ఎట్ల పోయినయ్ అని అడిగినోడు లేడు. లీడరు లేచి, "మన ఏరియా డెవలప్ అయితుంది. ప్లాట్లకు రేట్లు వస్తున్నయ్. గీసొంటి బయటోళ్ళను ఉంచుకుంటె ఎవడు కొంటడు? రూతమ్మ పెద్దమ్మ ఆ నల్లోన్ని ఖాళీ చేయించాలె" అన్నడు. అందరు తలలు ఊపిన్రు. నేను లేచిన. "వాడు తీసిండని ఎవలన్న చూసిన్రా?" అని అడిగిన. "చూసుడెందుకు పెద్దమ్మా, తెలుస్తలేదా" అన్నడు. నవ్విన్రు బిడ్డా. మా చర్చోళ్ళు గూడ ఉండిరి అండ్ల. పక్కన కూసోని తింటరు పండుగనాడు. వాళ్ళు గూడ నవ్విన్రు.

"మోటరు దొంగ దొరికితె తీసుకరాండ్రి, నేనే చెప్పు తీస్త. దొరకకముందు నా ఇంటి జోలికి రావద్దు" అని వచ్చేసిన.

తెల్లారి ట్యాంకరు వచ్చింది. అందరికి పోసింది. మా ఇంటి కాడికి రాంగనే పైపు ముడిచిన్రు. డ్రైవరు నా మొఖం చూస్తలేడు. "నాకేం తెల్వదమ్మా, పొయ్యొద్దన్నరు" అన్నడు. మల్ల వచ్చినప్పుడు గూడ గట్లనే. నేను మొండిదాన్ని. టోని, ఫెమి, మూసా, ముగ్గురు చర్చి బోరు కాడికెల్లి క్యాన్లల్ల మోసుకొచ్చేది. ఆ ఎండల. మూసా రోజా ఉండుకుంట మోసిండు, వద్దురా అంటె ఇనలే. గల్లీవోళ్ళు గేట్లకాడ నిలబడి చూసిన్రు తప్ప ఒక్క బిందె ఇయ్యలే. మీ నాయినమ్మ యాదమ్మ ఒక్కతే గోడ మీదికెల్లి ఇచ్చేది, మీ తాత చూడకుంట. ఉన్నది చెప్తున్న, ఏమనుకోకు.

డేవిడ్ రోజు కొట్లాట. "వాని కోసం ఇల్లంత ఎండాల్నా?" అని. మా చిన్నది, డేవిడ్ బిడ్డ, సగం చెంబుతోని మొఖం కడుక్కొని బడికి పోయేది. అది టోని చూసిండు. ఒకనాడు సంచి సదురుకొని దిగిండు.

"అమ్మా, పోతున్న. ఫెమి రూముకు. మైలార్‌దేవ్‌పల్లి."

"ఎవడు పొమ్మన్నడు నిన్ను? నేనన్ననా?"

"నువ్వనలే. అమ్మా, మా ఊర్ల గూడ పెట్రోలు కంపెనీ నౌకర్లు ఒక పెద్దమనిషి చేతుల పెడ్తది. ఆయనకు మొక్కినోనికే నౌకరి. మా నాయిన మొక్కలే. నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవ్వరు రాలే, నాతోని ఎవ్వరు ఆడలే. గది ఎట్లుంటదో నాకు తెల్సు. చిన్నదానికి వద్దు."

నాకు వాని మీదనే కోపమొచ్చింది! ఆదివారం ఆదివారం దేశాన్ని అంత కడిగి ఆరేసేటోడివి, ఒక ట్యాంకరోనికి భయపడి పోతవా అని తిట్టిన. ఏడ్చుకుంట తిట్టిన. వాడు వంగి నా కాళ్ళు ముట్టుకున్నడు. డేవిడే క్యాబ్‌ల దింపొచ్చిండు. వచ్చి బండిల నుంచి దిగకుంట గట్లనే కూసున్నడు. నేను పోయి చూస్తె, "నాకు థ్యాంక్స్ చెప్పిండమ్మా, నాలుగు తిట్లు తిట్టిపోతె బాగుండు" అన్నడు.

తెల్లారి ట్యాంకరు వచ్చింది, దాని ఎనక లీడరు. నవ్వుకుంట. "ఇగ మనల మనకేం లొల్లి లేదు పెద్దమ్మా, పట్టుకో నీళ్ళు" అన్నడు. ఆ నవ్వు చూడంగనే నా ఒళ్ళు కాలిపోయింది. డ్రమ్ము బోర్లిచ్చిన వాని ముంగట. "భూమి పోయిన్నాడు గూడ గిట్లనే నవ్వుకుంట వచ్చినవ్. నా నీళ్ళు నాకు పోసి నువ్విచ్చినట్టు చేస్తున్నవ్. వద్దు పో" అన్న.

"డెవలప్‌మెంట్ అంటె నీకు తెల్వది పెద్దమ్మా."

"తెల్వకనే ఆ విమానాలు దిగే నేలను దున్నినమారా?" అన్న.

గల్లీ అంత చూస్తుంది. ఎవ్వలు కదల్లే. మీ నాయినమ్మ మాత్రం... బిడ్డా, ఆమె నిండిన బిందె తెచ్చి వాని చెప్పుల కాడ గుమ్మరిచ్చింది. గప్పుడు నాకు ధైర్యమొచ్చింది. మేమిద్దరం ఆ పొద్దే ఖాళీ బిందెలు పట్టుకొని నీళ్ళ ఆఫీసు కాడికి పోయి మెట్ల మీద కూసున్నం. సారు లేడన్నరు. కూసున్నం. మర్నాడు పోయినం. తర్వాత తర్వాత మన గల్లీ ఆడోళ్ళు ఒక్కొక్కరే వచ్చిన్రు, అటు దిక్కు గల్లీవోళ్ళు గూడ వచ్చిన్రు. సిగ్గుపడుకుంటనే వచ్చిన్రు, నేనేం అనలే. అనాలనే ఉండె. మల్ల ఎండకాలం రాకముందే పైపు పడ్డది, నల్లా వచ్చింది. నల్లాకు కొబ్బరికాయ కొట్టింది ఎవడు? వాడే! ఫోటో దిగి, దండేసుకొని, ఇంటింటికి నీళ్ళిచ్చిన నాయకుడు అని ఫ్లెక్సీ కట్టుకున్నడు. చింపుదామని పోతె డేవిడ్ పట్టుకున్నడు నన్ను.

మోటర్లా? దొరకలే. ఎవడు తీసిండో ఇప్పటికీ తెల్వది. ఎవడన్న టోనికి మాఫీ చెప్పిండా? ఒక్కడు చెప్పలే.

వాడు చదువు అయిపోయి వాళ్ళ దేశం పోయిండు. ఫోన్ చేస్తడు. మొన్న వాళ్ళకు ఓట్లయినయంట, ఎండల పొద్దంత లైన్ల నిలబడ్డడంట. "ఎవ్వరొచ్చినా గింతే అమ్మా, మల్ల ఓటెయ్య" అన్నడు. తిట్టిన ఫోన్లనే. నువ్వు గట్లంటె గెల్సినోనికే గదరా సుఖం అన్న. నవ్విండు. మూసాతోని ఇంక కొట్లాడుతున్నవా అంటె, రోజు ఫోన్ల కొట్లాడుకుంటరంట. మంచిదే. కొట్లాడుకోనీ.

నువ్వు గూడ గట్లనే అన్నవంట గదా, ఓటుకు పేరు రాయించుకోను, పాలిటిక్స్ మనకెందుకు అని? మీ నాయినమ్మ చెప్పింది. ఇటు రా. తల వంచు. అందరు నూరేండ్లు బతుకుమని దీవిస్తరు. బతుకుతవ్ లే, తిండికి నీకేం తక్కువ. ప్రభువు నీకు మంచి నౌకరి ఇయ్యనీ, మంచి మొగున్నియ్యనీ. గవన్ని ఇచ్చేకంటె ముందు జర కోపం ఇయ్యనీ బిడ్డా. నాకు ముసల్దాన్ని అయినంక వచ్చింది, భూమి పోయినప్పుడు రాలే. నీకు ఇప్పుడే రావాలె... ఇప్పుడే రావాలె...