నాంపల్లిలో జలప్రళయం పొర

మా అన్న ప్రేమ్‌రాజ్ నోరు తెరిస్తే చాయ్‌లు చల్లారిపోతాయని అమ్మ అంటుండేది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఆబిడ్స్‌లో మా చర్చి వరండాలో అదే జరిగింది. వచ్చే శనివారం యువజనులను రాళ్ళూ మట్టి పొరలూ చూపించడానికి ఎవరు తీసుకెళ్ళాలో సెక్రటరీ కృపాజ్యోతి కాగితం మీద రాస్తోంది. ఆ పేరు తనదే కావాలని అన్న పట్టుదల.

"నిన్న నాంపల్లికి పోయినమా, రోడ్డు పక్కన పైపుల కోసం తవ్విన గుంత. రాళ్ళ చదువు చదివిన దివ్యశ్రీ మేడం అందరిని నిలబెట్టి, ఏ పొర పాతదని అడిగింది. ఒక్కరు పలుకలే. అడుగుది పాతది, మీదిది కొత్తది మేడం అన్న. ఆమె చప్పట్లు కొట్టింది."

"గంతేనా అంకుల్?" అంది కృపాజ్యోతి.

"ఆగు బిడ్డా. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? గుంతలకు దిగిన. ఎర్రమట్టి పొర, చెయ్యి పెట్టంగనే చెమ్మ. నాలుక మీద ఏసుకున్న, ఉప్పు. నాంపల్లికి సముద్రం ఎప్పుడొచ్చింది? నోవహు కాలంల. జలప్రళయం పొర అది, అప్పటిసంది మనిషి చెయ్యి తగలలే. పక్కకు చూస్తే ఇంత పొడుగు గీర, ఓడ అడుగు రాసుకున్న గీర."

"ఓడ ఆగింది అరారాతు మీద కదా," అన్నారు పాస్టర్ సామ్ సుందర్ గారు, నవ్వు ఆపుకుంటూ.

"ఆగింది గాడనే అయ్యగారూ. గీడ జర నిమ్మళమైంది, స్టేషన్ ముంగట గదా. ఏనుగు దిగి, మొజంజాహీ మార్కెట్ దిక్కు పోయి పండ్లు తిని మళ్ళ ఎక్కింది, అడుగులు గూడ ఉన్నయ్. నేను గది చెప్తుంటే గౌలిగూడ దాకా బస్సులు ఆగిపోయినయ్. మేడం తన సుత్తి నా చేతుల పెట్టి, ఇగ మీరే చెప్పాలె సార్ అన్నది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. కృపాజ్యోతి 'ప్రేమ్‌రాజ్' అని రాసింది.

అప్పుడు, నిన్న అన్నతోపాటే వెళ్ళిన లోయిస్ వదిన మెల్లగా సంచి తెరిచి ఒక ఖాళీ పాల ప్యాకెట్ తీసింది. పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, దాచడం ఆమె అలవాటు. రోడ్డు మీద కనబడినా వదలదు.

"ఏమండి, మీ ఎర్రమట్టి పొర కింద ఉంటే మీరే గుంజి పారేసిన్రు గదా, ఇదే. కడిగిన." తేదీ మీద వేలు పెట్టింది. "పోయిన ఈస్టర్ వారంది. అడుగుది పాతదంటిరి. అంటే మీ జలప్రళయం ఈస్టర్ దాటినంక వచ్చినట్టు."

అన్న చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంకోటి. ఆ గుంత తవ్వింది డ్రైనేజీ పైపు పగిలిందని. ఆ ఉప్పు దేనిదో మీకు నిన్న చెప్పలే, అన్నం తినేటప్పుడు ఎందుకని."

వరండా అంతా నవ్వులు. కృపాజ్యోతి మొదటి పేరు కొట్టేసి 'లోయిస్' అని రాసింది.

అన్న చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

"సరే," అన్నాడు. "సుత్తి నేను పట్టుకొస్త."