నూటికి నూరు, నోట మాట లేదు

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, ముఖ్య అతిథి గారికి, తోటి ఉపాధ్యాయులకు, వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకుంటున్న నా విద్యార్థులకు నమస్కారం. తలెత్తినవాళ్లకు ఇంకో నమస్కారం. (నవ్వులు)

"ఇంటర్నెట్ ఉండగా భాష నేర్పడానికి మనిషి దండగ" అని ముఖ్య అతిథి గారు ఇందాక సెలవిచ్చారు. దారి చూపించే ఫోను చేతిలో పెట్టుకుని కూడా ఈ హాలు ఎక్కడని మా వాచ్‌మన్‌ని అడిగి వచ్చిన సంగతి ఆయన చెప్పలేదు కనుక నేను చెబుతున్నాను. ఏమనుకోకండి సార్, రిటైరయ్యేవాళ్ల మాట ఎవరూ పట్టించుకోరు.

నా తరగతి గదిలో ఇప్పుడు కంప్యూటర్లు కొలువుతీరాయి. అందరూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గోడవైపు తిరిగి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా మాట్లాడటం నేర్చుకుంటున్నారు. మొన్న ఇద్దరు ప్రబుద్ధులు ఒక కంప్యూటర్ చేత ప్రశ్న అడిగించి, రెండోదాని చేత జవాబు చెప్పించి, తాము టీకి వెళ్లారు. ఇద్దరికీ నూటికి నూరు. ఆ మార్కులకే మురిసిపోయి, నా స్థానంలో ఎవరినీ వేయనక్కర్లేదని ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు. (నవ్వులు) నవ్వకండి, నాకు ఒళ్లు మండుతోంది.

అదిగో, ఆ చివర కూర్చున్న నర్సు పిల్ల, నేను నర్సమ్మా అని పిలుస్తాను. పరాయి రాష్ట్రం నుంచి వచ్చి, ఇక్కడి భాష కోసం ఏడాదిగా ఆ తెరకు కళ్లప్పగించింది. ఆస్పత్రిలో ఉద్యోగ పరీక్షకు వెళితే ఒక ముసలాయన "ఇక్కడ నొప్పిగా ఉందమ్మా" అన్నాడట. ఈ పిల్ల ఆయన ముఖంకేసి చూస్తూ నిలబడిపోయింది. ఏమైందే అంటే, "జవాబులు కనిపిస్తాయేమోనని చూశాను మేడమ్. నాలుగిట్లో ఒకటి నొక్కడమేగా అలవాటు" అంది. వచ్చేవారం ఇంకొక్కసారి రమ్మన్నారు. అదీ పోతే ఉద్యోగం పోయినట్టే.

ప్రిన్సిపాల్ గారూ, నాకీ శాలువా వద్దు. రోజూ సాయంత్రం ఒక్క గంట నా తరగతి గది ఇవ్వండి, ఇలాంటివాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాను, జీతం అడగను.

(ప్రిన్సిపాల్ గారు మైకు లేకుండా ఏదో అన్నారు)

"చూద్దాం మేడమ్" అంటున్నారు. చూద్దాం అంటే కుదరదని. ఈ ముక్క ఏ కంప్యూటరూ నేర్పదు, రాసుకోండి.

ఇన్నాళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. నర్సమ్మా, రేపటి నుంచి మా ఇంటికి రా. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో మంచం మీదున్నారు, సరిగా వినపడదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడకు నొప్పెక్కడో కనుక్కుని, ఒక్క మందుబిళ్ల మింగించావంటే ఆ ఉద్యోగం నీదే. ఇక నాకు సెలవిప్పించండి.