ప్లగ్గుకి రెండోవైపు తిలకం

ఏంట్రా అచ్చిబాబూ, ఆ అట్టపెట్టెలోది? రేడియోనా? వాల్వులదా? ఆగాగు, ప్లగ్గు పెట్టకు. చెయ్యి తియ్యి ముందు. ఏం లేదులే. ఇలా వచ్చి కూచో. ఏళ్ళ తరబడి మూలపడున్న సెట్టుని తిన్నగా కరెంటులో పెట్టేస్తారేంటి ఎవరైనా? ముందు బ్రష్షుతో దుమ్ము దులపాలి. వాల్వులు ఒక్కోటీ తీసి, పొడిగుడ్డతో తుడిచి, దేని చోట్లో దాన్ని మళ్ళీ కూచోబెట్టాలి. మధ్యలో ఓ బల్బు తగిలించి కరెంటు మెల్లిగా పోనివ్వాలి. నాకెలా తెలుసా? జోగేశ్వరరావు బావ చెప్పేడు. నువ్వు పుట్టకముందు మాట. ఇక్కడే, పెనుగొండలోనే, మా బట్టల కొట్టు పక్కన ఇత్తడి సామాన్ల కొట్టు ఆయనది. చుట్టరికమేం లేదు, పక్కపక్క కొట్లు, అంచేత బావ.

ఆయనకి ఈ హామ్ రేడియో పిచ్చి. పాటలొచ్చే రేడియో కాదు. దేశదేశాల్లో జనం ఇళ్ళల్లో కూచుని ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారే, ఆ మాటలు పట్టే సెట్టు. మద్రాసు వెళ్ళి పాతసామాన్ల బజార్లో కొనుక్కొచ్చేడు. డెబ్బై ఆరో, ఏడో. డాబా మీద వెదురుగడ పాతి తీగ కట్టేడు. దాని మీద బావ భార్య, అక్కయ్య, వడియాల గుడ్డ ఆరేసిందని ఓసారి ఎంత గోలో. ఏం చెప్తున్నానూ, ఆ, నన్ను రమ్మని పిలిచి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించేవాడు. గుయ్యిమని మోత, మధ్యలో ఎవడో సీక్యూ సీక్యూ అంటాడు, ఎవరైనా వింటున్నారా అని పిలుపది. "విన్నావా దొరబాబూ, జపాను!" అని ఈయన. మీ కొట్లో బిందెల మోతలాగే ఉంది బావా అంటే మొహం మాడ్చుకునేవాడు పాపం.

అయితే ఆ సెట్టుకో రోగం ఉంది. లోపల ట్రాన్స్‌ఫార్మరు లేదు. రెండు పిన్నుల ప్లగ్గేమో ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. సరైన వైపు పెడితే ఏం కాదు. తిరగేసి పెట్టేవా, సెట్టు రేకంతా కరెంటే. అందుకని బావ, అక్కయ్య తిలకం సీసా తీసి ప్లగ్గుకి ఒకవైపు ఎర్రచుక్క పెట్టుకున్నాడు. చుక్క పైకుంటే భయం లేదు. ఈ సంగతి నాకు చెప్పేడు, పోస్టుమాస్టరు గారికి చెప్పేడు, చెంబు బేరానికొచ్చిన వాళ్ళక్కూడా చెప్పేవాడు. అదో గొప్ప ఆయనకి.

అక్కయ్య పేరు నాగరత్నం. ఆ గది ఊడ్చేదీ, ఆ సెట్టు మీద దుమ్ము తుడిచేదీ ఆవిడే. ఆ ఏడు దసరాకి ఇల్లంతా కడిగించి ఆయుధపూజకి అన్నీ సిద్ధం చేసింది. మన కోమటి కొంపల్లో ఆయుధాలేముంటాయి? కాటా, తూనికరాళ్ళు, కుట్టుమిషను, సైకిలు. అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ రేడియో దగ్గరికెళ్ళింది. ప్లగ్గుకి ఒకవైపే తిలకం ఉంది. ఆవిడ చేతిలో పని సగం ఉండదు. గుమ్మానికి ఒకవైపు బొట్టు పెట్టి రెండోది వదిలేస్తామా? రెండోవైపూ పెట్టింది.

బావ కొట్లో పూజ చేసుకుని వచ్చేడు. గచ్చు ఇంకా తడి. వట్టికాళ్ళు. నేను పులిహోర గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ప్లగ్గు తీసేడు, చుక్క పైకుందో లేదో చూసుకున్నాడు, నా కళ్ళతో నేను చూసేను, చూసుకునే పెట్టేడు. సెట్టు మీద చెయ్యి వేసేడు. అంతే. కేకన్నా వెయ్యలేదురా. నేను కర్రతో తీగ లాగేసరికి ప్లగ్గు వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. ఇటూ చుక్కే. అటూ చుక్కే. ఇప్పటికీ నమ్మలేను, వేలి కొసంత తిలకం, మనిషి లేడు.

అందరూ ఆ పాత డొక్కు సెట్టే చంపేసిందన్నారు. సరే, అలాగే అనుకోనీ, ఆవిడకి మాత్రం తెలియకూడదని, శ్మశానం నుంచొచ్చేక ఆ రెండో చుక్క తుడిచేద్దామని గదిలోకెళ్ళేను. ఆవిడ అక్కడే గోడకి చేరబడి కూచునుంది. ప్లగ్గు ఒళ్ళో ఉంది. అటు తిప్పుతోంది, ఇటు తిప్పుతోంది.

"ఆయన ఒకవైపే ఎందుకు పెట్టుకునేవారు తమ్ముడూ? నీకు తెలుసా?" అంది.

అబద్ధం ఆడదామనుకున్నాను. నోరు రాలేదు. తెలుసక్కయ్యా అన్నాను. పోస్టుమాస్టరు గారికి తెలుసా అంది. తెలుసన్నాను. ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"మరి నాకెవరూ చెప్పలేదేంటి?" అంది.

...

లే, లేచి కాళ్ళు కడుక్కో. అన్నాలు వడ్డించేశారు.