మరేతా విప్పేసిన గుడ్డ

సమోవాలో తట్టు ఇల్లిల్లూ తిరుగుతున్న రోజులు. టీకా సూది పడని పిల్లలున్న ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు. అది కనబడితేనే నర్సుల బండి ఆగుతుంది. పొద్దున్నే సెఫో, అతని భార్య మరేతా.

"స్తంభానికి కట్టిన గుడ్డ ఏదే?"

"గాలికి పోయిందేమో."

"గాలికి పోయి నీ నడుముకు చుట్టుకుందా?"

"కట్టుకోడానికి ఇంకోటి లేదు. అన్నీ ఉతికి ఆరేశా."

"మరేతా! బండి మనిల్లు దాటి పోయింది, తెలుసా?"

"పోతే పోనీ. అయినా పొద్దున్నే తలకి కొబ్బరినూనె, ఉతికిన చొక్కా... సూది పిల్లకా, నీకా?"

"అబ్బ! మళ్ళీ మొదలెట్టావా?"

"బండిలో వచ్చే నర్సు ఆ లుపే అని నాకు తెలీదనుకున్నావా? పెళ్ళికి ముందు నువ్వు ఎవరింటి చుట్టూ తిరిగావో ఊరంతా చెప్పింది."

"ఎనిమిదేళ్ళ నాటి మాట అది!"

"ఎనిమిదని లెక్క కూడా పెట్టుకున్నావ్!"

"తల్లీ, నీకో దండం. ఆ సూదిలో ఏముంటుందో తెలుసా? నీరసించిన తట్టు క్రిమి. దాన్ని చూపిస్తే పిల్ల ఒంట్లో కాపలావాళ్ళు మొహం గుర్తుపెట్టుకుంటారు. రేపు అసలుది వచ్చిందా, తన్ని తరిమేస్తారు. ఒకసారి చూసిన మొహాన్ని ఒళ్ళు మర్చిపోదే."

"అవును మరి. కొందరి ఒళ్ళు అస్సలు మర్చిపోదు."

"ఛీ!"

"ఛీ ఎందుకు? ఈ పాఠం చెప్పిందెవరు? అదేగా?"

"చర్చి దగ్గర అందరికీ చెప్పింది."

"అందరిలో నీ ఒక్కడికే కంఠతా వచ్చింది! అది నా ఇంటి చాప తొక్కడానికి వీల్లేదు. సన్నగా, తెల్లబట్టల్లో అది... నేనేమో ఇలా. అవును, నాకు కుళ్ళే. అయితే ఏంటి? వచ్చే వారం ఇంకో నర్సు వస్తుందిగా, అప్పుడు వేయిద్దాం."

"వచ్చే వారమా? పక్కింటి పిల్లాడు ఇయోనేని ఇప్పుడే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళారు."

"వాడికేం?"

"ఒంటినిండా ఎర్రమచ్చలు."

"సెఫో... మొన్న మన తియా వాడి పక్కనే పడుకుంది. వాడి గిన్నెలోనే కోకో అన్నం తింది."

"మొన్ననా? నిజం చెప్పు!"

"మొన్న సాయంత్రం. నేనే పంపాను."

"సోకినా మూడు రోజుల్లోపు సూది పడితే ఇంకా ఆశ ఉందట."

"మూడో రోజు ఇవాళే కదయ్యా! బండి ఎంత దూరం పోయుంటుంది?"

"చర్చి మలుపు దాకా. ఉండు, నేను పరిగెత్తి లుపేని..."

"నువ్వు కాదు! నేనే పోతా. పిల్లనిటివ్వు. ఆవిడ కాళ్ళయినా పట్టుకుంటా."