ఆదివారం తగ్గే దగ్గు

రాజమండ్రి. గురువారం సాయంత్రం. చరిత్ర లెక్చరరుగా రిటైరైన అప్పాయమ్మగారు గ్రంథాలయం నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చారు. ఆరేళ్ళ మనవరాలు హారతి గది ముందు పనిమనిషి చిట్టెమ్మ.

"గడప దాటకు, చిట్టెమ్మా. ఆ బకెట్టు అక్కడే పెట్టు."

"పాప దగ్గుతోందండి. మంచం కింద ఒక్కసారి తడిగుడ్డ పెట్టేసి..."

"అక్కర్లేదు. రేపటినుంచి నువ్వు పనికి రావద్దు."

"అదేంటండి అమ్మగారూ! నేనేం చేశానండి?"

"కోపంతో అనడం లేదు. కారణం వెతికి, ఆలోచించి చెబుతున్నాను. ఇంట్లో దుమ్ము తగ్గితే హారతికి ఆయాసం తగ్గుతుందన్నారు డాక్టరుగారు. కర్టెన్లు తీసేశాం. బొమ్మలు అటకెక్కించాం. పరుపుకి జిప్పు కవరు తొడిగాం. దుప్పట్లు..."

"వారం వారం మరిగే నీళ్ళలో నానబెడుతున్నది నేనేనండి. చేతులు చూడండి, ఎలా ఉడికిపోయాయో."

"చూశాను. అయినా రాత్రి రెండుసార్లు ఇన్‌హేలరు పెట్టాల్సి వచ్చింది. ఇంకోసారి ఇలా అయితే ఆసుపత్రిలో చేర్చాలట. నాలుగు నెలలుగా ఈ డైరీలో రోజూ రాస్తున్నాను. ఆదివారం రాత్రి దగ్గదు. సోమవారం మళ్ళీ మొదలు. ఆదివారం ఈ ఇంటికి రానిది ఎవరు?"

"నేనేనండి."

"మరి? పొడి చీపురు పట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఎక్కడ పట్టుకుంటానండీ? మీరే బీరువాలో పెట్టి తాళం వేశారు కదా, నగలాగ!"

"వెటకారం వద్దు."

"వెటకారం కాదండి, కడుపుమంట. పాప పుట్టినప్పట్నుంచి ఎత్తుకున్న చేతులండి ఇవి. నావల్లే పిల్లకి జబ్బు చేసిందంటే ఈ వీధిలో నన్నెవరు గుమ్మం ఎక్కనిస్తారు? అయినా ఆదివారం నేనొక్కదాన్నే..."

"నువ్వొక్కదానివే?"

"ఏం లేదులెండి."

"సగంలో ఆపకు."

"వద్దండి. పెద్దవారు. నా పనేదో పోయిందిగా, పోనీండి."

"పని పోయాక ఇంకా భయం దేనికి? చెప్పు."

"కార్తీకంలో నేను పంచారామాల బస్సెక్కానండి. ద్రాక్షారామం, అవన్నీ తిరిగి ఐదు రోజులకి గానీ రాలేదు. అప్పుడు పాపకి తగ్గిందా? ఆ డైరీలోనే చూడండి."

"చూస్తున్నాను. ఇదిగో... లేదు. నాలుగు రాత్రులు దగ్గింది. అది మంచుకాలం మొదలు కాబట్టి..."

"ఆయ్, మంచేనండి. మరి సంక్రాంతి వెళ్ళాక మీ మోకాలు వాచింది. అప్పుడూ మంచే కదండీ? తొమ్మిది రోజులు మీరు గుమ్మం దిగలేదు. ఆదివారం తప్పిస్తే నేను ఒక్కపూట మానలేదు."

"ఆ తొమ్మిది రోజులూ..."

"ఏముందండి అందులో?"

"ఏమీ లేదు. ఒక్క రాత్రి కూడా దగ్గలేదు."

"ఆదివారం మీ లైబ్రరీ కూడా మూసేస్తారు కదండీ."

"ఆగు. ఆలోచించనీ. అక్కడ నేను చేసేదేమిటి? నూరేళ్ళ నాటి పుస్తకాలు ఒక్కొక్కటే దులిపి జాబితా రాస్తున్నాను. కానీ ఇంటికి రాగానే పంపు దగ్గర కాళ్ళు కడుక్కునే లోపలికి వస్తాను. ఏనాడూ తప్పలేదు."

"కాళ్ళు కడుక్కుంటారండి."

"మరి?"

"చీర మార్చుకోరు."

"చీర..."

"మీ చీరలు ఉతికేది నేనేనండి. జాడించగానే నాకు తుమ్ములు పట్టుకుంటాయి. మొదటి నీళ్ళు టీలా దిగుతాయి. ఆ చీరతోనే పాప మంచం మీద కూర్చుంటారు."

"కథ చెబుతాను. ఒళ్ళో తల పెట్టుకుంటుంది."

"కొంగు మొహం మీద కప్పుకుంటుందండి. అలాగైతేనే నిద్రపడుతుందంటుంది."

"ఔను. నేనే కప్పుతాను."

"అమ్మగారూ, కూర్చోండి. మంచినీళ్ళు తెమ్మంటారా?"

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఎలా చెప్పనండి? కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి మీరు. గిన్నెలు తోమేదాన్నొచ్చి మీ చీరే దుమ్మంటే వినేవారా?"

"వినేదాన్ని కాదు."

"అదేనండి మరి."

"అమ్మమ్మా! వచ్చావా? దగ్గొస్తోంది. ఎత్తుకో!"

"వస్తున్నా తల్లీ... కాదు, కాదు. అక్కడే ఉండు, బంగారం. మంచం దిగకు."

"ఎందుకూ? నువ్వు రా, అమ్మమ్మా!"

"చిట్టెమ్మా, లోపలికి వెళ్ళి దాన్ని ఎత్తుకో. గడప దాటకూడనిది నేను."