ఏకాంబరం ఓడకు ఎక్కించని బాతుగుడ్లు

ఏం గిరీ, ముక్కు మూసుకుంటా ఉండావే? కరువాడు, అదే ఎండుచేపల పులుసు వాసనకే ఇట్లయిపోతే ఎట్లబ్బా. నువ్వు మా ఏకాంబరం తావ పనికి చేరుంటే ఒక్క పూట నిలబడేటోడివి కాదు పో. ఏకాంబరం ఎవురంటావా? నీకు తెలీదులే, నువ్వప్పుడు గుడ్డలేసుకోకుండా తిరగతా ఉంటివి. బంగారుపాళ్యం మనిషి. పొట్టిగా నల్లగా ఉండేటోడు, నవ్వు ముందొచ్చేది, మాట తర్వాత వచ్చేది. మద్రాసు హార్బర్లో ఓడలకు సామాన్లిచ్చే అంగడి ఒకటుండేది. ఓడలో వంటమనిషి ఏమేమి కావల్లో అడగతాడు, అంగడాయన మనోడికి చెప్తాడు, మనోడు తెచ్చిస్తాడు. కూరగాయలు, మామిడికాయలు, కోళ్ళు, ఏదడిగితే అది. వ్యాను నాది, బేరం వాడిది. మద్రాసును చెన్నై అనమని చెప్పిన కొత్త అప్పుడు. ఎవురంటారు, ఈ పొద్దుకీ నా నోటికి మద్రాసే.

అబ్బబ్బా, ఆ ఓడలోళ్ళు అడిగే తిండ్లు సూడల్ల నువ్వు. ఒక ఓడలో తెల్లోళ్ళు, డబ్బాలో బండి గ్రీసు మాదిరి నల్లగా ఉంటాదే, దాన్ని రొట్టెకు పూసుకోని తినేటోళ్ళు. అది లేకపోతే పన్లోకే రారంట. అదే ఓడలో ఇంకొకడు ఆ డబ్బా మూత తీస్తే లేచి బయటికి పోతాడు. కొరియావోళ్ళకు కారం పెట్టి పులియబెట్టిన క్యాబేజీ. ఇంకెవురికో చీజు, నానబెట్టి మరిచిపోయిన సాక్సు వాసన. ఫిలిప్పీన్సోళ్ళకయితే పుల్లటి పచ్చి మామిడికాయ కావల్ల, దాంట్లోకి మురగబెట్టిన రొయ్యల ముద్ద. ఒకడు లొట్టలేస్తా ఉంటే పక్కనోడు కక్కుకుంటా ఉంటాడు. నేను నవ్వితే ఏకాంబరం ఒప్పుకునేటోడు కాదు. "నవ్వగాకు జయరామన్నా, నువ్వు దుబాయికి పోతే రాగిసంగటి అడగవా?" అనేటోడు. అడగతాననుకో. అయినా సాక్సు వాసనొచ్చే సంగటి యాడైనా ఉంటాదా?

సరే, యాడుంటిమి? ఆ, గుడ్లు. ఒక తూరి ఫిలిప్పీన్సోళ్ళుండే ఓడ ఒకటి రిపేరీ అని రేవులోనే నిలిచిపోయింది. దాంట్లో వంటాయన ముసలోడు, మంచోడు, మాకు టీ ఇయ్యకుండా పంపేటోడు కాదు. ఆయన ఏకాంబరాన్ని పక్కకు పిలిచి చేతులు తిప్పి తిప్పి చెప్పినాడు, బాతుగుడ్లు కావల్లంట. ఉత్త గుడ్లు కాదబ్బా. పొదగేసి, లోపల పిల్ల రూపు కట్టినాక, అట్లే ఉడకబెట్టి ఉప్పేసుకోని తింటారంట. ఊరిడిసి శానా కాలమయిందంట, పిలకాయలు దానికోసం కలవరిస్తా ఉండారంట. ఏకాంబరం "తెస్తా సామీ" అనేసినాడు. అంగడాయన అరవాయన, పక్కనే ఉండి విన్నాడు. "ఎన్నప్పా ఏకాంబరం, మాట ఇచ్చినావు. తప్పినావంటే మళ్ళీ నా అంగడి మెట్టెక్కొద్దు" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషే ఆయన.

తడ కాడ బాతులు మేపేటోళ్ళ తావ గుడ్లు తెచ్చినాడు. పొదిగేదానికి ఇంట్లోనే కోళ్ళుండాయి కదా. ఆడనే తప్పు చేసినాడు. ఎందుకని పెండ్లానికి చెప్పలా. "బాతుపిల్లల్ని చేద్దాం సిద్ధమ్మా" అన్నాడు, అంతే. ఆ యమ్మకు కడుపు నిలిచేది కాదు. నిలిచినా నెలలు నిండేవి కావు. అట్లాంటి మనిషి చేతికా పొదిగే గుడ్లిచ్చేది? ఆ యమ్మ సంబరం సూడల్ల. గంపలో గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా బొగ్గూ ఇనప మేకూ పెట్టి, నీళ్ళు చిలకరించి. కోళ్ళు గుడ్ల మింద కూర్చుంటే ఈ యమ్మ కోళ్ళ పక్కన కూర్చునేది.

తీసకపోయే పొద్దొచ్చింది. నేను వ్యాను ఇంటి ముందర పెట్టి హారన్ కొడతా ఉండా, రాడే. లోపలికి పోతే చీకటి గదిలో కప్పు పెంకుల సందులో నుంచి ఎండ పడతా ఉండాది, సిద్ధమ్మ దానికి గుడ్డు అడ్డం పెట్టి సూపిస్తా ఉండాది. "ఇదో, కదలతా ఉండాది సూడు. అన్నా, నువ్వూ రా." నేనూ సూసినా. ఎర్రగా నరాలు, మధ్యలో నల్లగా ఒకటి. నిజంగానే కదిలిందబ్బా. ఏకాంబరం చేతిలో గుడ్లు సర్దేదానికి తెచ్చిన అట్టపెట్టె. "అదెందుకు?" అనింది. "టమాటాలకు" అన్నాడు. ఆ గుడ్డు ఆ యమ్మ చేతిలో నుంచి తీసుకోని, కోడి కింద మెల్లగా పెట్టేసి, "పదన్నా" అని బయటికొచ్చేసినాడు. రాణిపేట దాటినాక, "గుడ్లు మురిగిపోయినాయని వంటాయనకు చెప్తా" అన్నాడు.

వంటాయన మొహం చిన్నబోయింది, అయినా టీ ఇచ్చినాడు. అంగడాయన మాత్రం ఇడిసిపెట్టలా, ఆ పొద్దుతో ఓడల బేరం తెగిపోయింది. ఇంటికాడ ఏమని చెప్పినాడో తెల్సునా? ఓడలు మద్రాసుకు రావడం మానేసినాయి, అన్నీ తూత్తుకుడికి పోతా ఉండాయి అని. ఆ యమ్మ నమ్మింది. రాజా మాదిరి తిరిగినోడు, మామిడి జ్యూస్ ఫ్యాక్టరీలో మచ్చపడిన కాయలు ఏరే పనికి చేరినాడు. బాతుపిల్లలు మాత్రం బాగా లేచినాయి. మన పక్క చెరువుల్లో నీళ్ళు యాడివి, ఫ్యాక్టరీలో కాయలు కడిగిన నీళ్ళ కాలవలో ఈదేవి. గట్టు మింద కోడి లబలబలాడేది, కోడి వెనకాల సిద్ధమ్మ లబలబలాడేది. గేటు కాడ నుంచి సూసి ఏకాంబరం నవ్వుకునేటోడు. నాకు కోపం ఆగలా. "ఒక్క మాట చెప్పుంటే ఆ యమ్మే తీసి ఇచ్చేసుండును కదరా" అని తిట్టినా. "ఇచ్చేసుండునన్నా. అదే నా భయం" అన్నాడు.

వాడు పోయింది కాయల సీజన్లోనే. గుండెనొప్పి, చిత్తూరు ఆస్పత్రికి చేర్చే లోపలే అయిపోయింది. మంచోళ్ళు ఎందుకట్ల తొందరపడతారో నాకు తెలీదబ్బా. కర్మాంతరం నాడు అందరూ తిని పోయినాక సిద్ధమ్మ నా కాడికొచ్చి నిలబడింది. "అన్నా, నువ్వింకా మద్రాసుకు వ్యాను తోలతా ఉండావు కదా. ఓడలు మళ్ళా వస్తా ఉండాయా?" అనింది. ముందునాడే నేను హార్బర్లో ఎర్రగడ్డలు దించొచ్చినా. రేవు నిండా ఓడలే.

"యాడమ్మా" అన్నా. "ఒక్కటీ రాలే."