మంగాయమ్మ పెట్టిన కుండ

ఆ లాప్‌టాప్ కాసేపు మూసెయ్యండి మనోజ్ఞమ్మా, అందులో ఉన్నది మా ఊరికి కొత్తేం కాదు. నాలుగు నీళ్ల పథకాల్లో ఏది కట్టాలో మార్కులేసి తేల్చడమే కదా మీ పని? మా కరిముల్లా దాన్ని చింతపిక్కలతో తేల్చేశాడు. ఇంజనీరండీ, బెజవాడ నుంచి వచ్చేవాడు. కాలం చేసి చాలా ఏళ్లయింది. స్కూటరు ఆటోనగర్లో బాగుచేయించానంటాడు, అది మా కరకట్ట మీదికి రాగానే ఆగిపోయేది. తోసిందెవరనుకున్నారు? మత్స్యకారుల సంఘం ప్రెసిడెంటు పోలరాజు, అంటే నేనే. తోసింది నేను, ఊరంతా చూసేది మాత్రం ఆయన్ని.

అప్పట్లో ఎక్కడ బోరేసినా ఉప్పునీళ్లే. ఆఫీసుల చుట్టూ తిరిగి మంచినీళ్ల చెరువు ఫైలు కదిలించింది నేను. చోటు చూసిందీ నేనే, ఊరి పక్కన తూర్పు దిబ్బ. రైతులేమో మురుగుకాలవ మొగదల గేటు కట్టి, సముద్రం పోటుకి ఎగదన్నే ఉప్పునీళ్లు ఆపమంటారు, అది కడితే మా పడవలు ఎట్టా తిరుగుతాయి? ఇంకొందరు దూరంగా పడమట చెరువు తవ్వి పైపులెయ్యమంటారు. ఈయనొచ్చి, "పనుల సంగతి తర్వాతండీ, ముందు మీకేది ముఖ్యమో చెప్పండి" అని చేపల వేలంపాట షెడ్డులో నాలుగు కుండలు పెట్టించాడు. తాగునీళ్లకొకటి, పొలానికొకటి, వేటకొకటి, ఖర్చుకొకటి. అందరికీ సమానంగా చింతపిక్కలు పంచాడు. ఏ కుండలో ఎన్ని పడితే దానికంత బరువు. తర్వాత ఒక్కో పనికి కుండవారీగా మార్కులేసి, ఆ బరువుతో హెచ్చవేసి కూడతాడట. నేనేం తక్కువా, ముందే గడపగడపకీ తిరిగి చెప్పొచ్చా, తాగునీళ్ల కుండలో పోసెయ్యండ్రా, మన చెరువే వస్తదని.

అంతా బానే జరుగుతోంది. ఆడవాళ్ల వంతొచ్చేసరికి ఈయన కుర్చీ పక్కకి నెట్టి, వాళ్ల ముందు నేల మీద కూర్చుని, "ఇక్కడ లేని కుండ ఇంకేమైనా ఉందామ్మా?" అన్నాడు, ఇంట్లో పెద్దకొడుకు అడిగినట్టు. మా మంగాయమ్మ లేచింది. మా ఆవిడేనండీ, ఇందాక మీకు మంచినీళ్లు ఇచ్చిందే, ఆవిడే. ఇంటికెళ్లి ఇంకో కుండ తెచ్చి, అందులో గుప్పెడు ఎండు నెత్తళ్లు వేసి వరసలో పెట్టింది. "తూర్పు దిబ్బ తవ్వేస్తే మేం చేపలెక్కడ ఆరబోసుకోవాలి సారూ?" అంది. ఇంకేముంది, ఆడవాళ్ల పిక్కలు సగం అందులోనే పడ్డాయి. కూడి చూస్తే నా చెరువు ఎగిరిపోయింది, గేటూ పోయింది, పడమటి చెరువు నిలబడింది. ఆయన ఊరుకోవచ్చుగా. "పోలరాజు గారూ, ఇంట్లోనే ఇంత ఇంజనీరుని పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారేంటండీ" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. మంగ కూడా. కాపరానికొచ్చాక అది అట్టా నవ్వడం నేను చూళ్లేదు.

ఇందాక మీరు తాగినవి ఆ పడమటి చెరువు నీళ్లే. తియ్యగా ఉన్నాయి కదా? అదే నాకు మంట. శిలాఫలకం మీద నా పేరుంటే ఏం లాభం, చిన్నా పెద్దా అందరూ కరిముల్లా గారి చెరువనే అంటారు. ఆయన పోయాడని కబురొచ్చిన రోజు మంగ పొయ్యి వెలిగించలేదు. మా పినతండ్రి కొడుకు పోయినప్పుడు మాత్రం ఇంటికి రాగానే పులుసు పెట్టింది.

ఏంటీ? దిబ్బ సంగతి నాతో ముందే ఎందుకు చెప్పలేదంటారా? నేనడగలేదు గదండీ. ఆయనడిగాడు. అడిగుంటే నాకు చెప్పేదో లేదో... ఇప్పుడు మాత్రం ఏమైంది. మంగా, ఒకసారి ఇటు రా. నీకు... నాతో చెప్పాలనుకున్నది ఇంకా ఏమైనా...

ఏం లేదులే. మబ్బేసింది, దిబ్బ మీద చేపలెత్తారా?